పెట్టె తెలుగు మాట్లాడే వరకు

దూరదర్శన్‌లో తెలుగు వార్తలు చదివిన శాంతి స్వరూప్ గారు కన్నుమూశారన్న సంగతి 2024 ఏప్రిల్‌లో మా అబ్బాయి ఫోనులో చూసి చెప్పాడు. వెంటనే టీవీ పెట్టాను. ఒక చానెల్‌లో ఆయన పాత వార్తల ముక్క ఒకటి కొద్దిసేపు వేశారు. కింద ఎర్ర పట్టీ, దాని కింద పసుపు పట్టీ, మూలన గడియారం, పక్కన వాణిజ్య ప్రకటన. వాటన్నిటి మధ్య మిగిలిన కాస్త జాగాలో ఆయన కదలకుండా కూర్చుని, ఒక్కో వాక్యాన్ని పూర్తిగా ముగించి, ఆ తరవాతే మరో వాక్యం ఎత్తుకుంటున్నారు. ‘‘ఇంత నెమ్మదిగా చదివితే అందరూ కూర్చుని వినేవాళ్ళా నాన్నా?’’ అని మా అబ్బాయి అడిగాడు. వినేవాళ్ళమని మాత్రం చెప్పి ఊరుకున్నాను. అసలు సమాధానం చాలా పొడుగు, అది ఇక్కడ రాస్తున్నాను.

మన దేశంలో టీవీ కథ చెప్పేవారు సాధారణంగా 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైన ప్రయోగాత్మక ప్రసారంతో ఎత్తుకుని, 1982 నాటి రంగుల మీదుగా, రామాయణం వచ్చిన ఆదివారాల దాకా తీసుకొస్తారు. ఆ వరుసతో నాకు పేచీ లేదు. కానీ ముందు ప్రేక్షకుడిగా, తరవాత టీవీ మెకానిక్‌గా దానితో బతికిన నాకు ఆ కథ వేరే విధంగా గుర్తుంది. పెట్టె మాతో తెలుగులో మాట్లాడిన కాలాలు కొన్ని, మాట్లాడని కాలాలు కొన్ని. నా జ్ఞాపకాలన్నీ ఆ రెండు కుప్పల్లోనే పడతాయి.

* * *

మా ఊరు మహబూబ్‌నగర్ జిల్లాలో, బస్సు దిగాక చాలాసేపు నడవవలసిన చోట ఉండేది. అలాంటి ఊరికి హైదరాబాదు కంటే ముందే టీవీ వచ్చిందంటే నమ్మనివారు ఇప్పటికీ ఉన్నారు. అది 1975 ఆగస్టు 1న మొదలైన ‘సైట్’ ప్రయోగం చలవ. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాది పాటు మన దేశం వాడుకోవడానికి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలను ఎంపిక చేసి, మధ్యలో ఏ టవరూ లేకుండా ఉపగ్రహం నుంచి నేరుగా బొమ్మ అందుకునే పెట్టెలను ఇస్రో వాళ్ళు ఆ ఊళ్ళలో పెట్టించారు. ఆ పెట్టెలు తయారైంది హైదరాబాదులోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో. వాటిలో ఒకటి మా బడి వరండాలోకి వచ్చింది.

పెట్టె కంటే ముందు మమ్మల్ని ఆకట్టుకున్నది బడి వెనక నిలబెట్టిన యాంటెన్నా. పది అడుగుల వెడల్పున్న గుండ్రని చట్రానికి, కోళ్ళు బయటికి పోకుండా దొడ్లకు కట్టే ఇనుప వలను బిగించారు. నిజంగా అదే వల. అది పడమటికి, కాస్త దక్షిణానికి వాలి చూస్తూ ఉండేది, ఎందుకంటే ఉపగ్రహం అప్పుడు తూర్పు ఆఫ్రికాకు పైన, భూమధ్యరేఖ మీద దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంది. ఈ లెక్కలు నాకు తరవాతెప్పుడో తెలిశాయి. అప్పట్లో మాకు తెలిసిందల్లా ఆ చట్రాన్ని మేక రాసుకుంటే పెట్టెలో బొమ్మ చెడుతుందనీ, సాయంత్రం పూట మేకలను అటు రానివ్వకుండా కాయడం ఆ వారం వంతు వచ్చిన పిల్లల పని అనీ. వంతు మాదైన రోజుల్లో బొమ్మ చూసే యోగం ఉండేది కాదు, వరండాలోంచి వచ్చే మాటలు మాత్రం వినిపించేవి. తెలుగు మాటలు కాబట్టి అవి మాకు చాలేవి.

పొద్దున బడిపిల్లల కోసం కాసేపు, చీకటి పడ్డాక ఊరివాళ్ళ కోసం కాసేపు కార్యక్రమాలు వచ్చేవి. తాళం చెవి మా సార్ దగ్గర ఉండేది. ఆయన చెక్క తలుపులు తీసి మీట నొక్కాక, లోపల ఏదో వేడెక్కుతున్నట్టు సన్నటి చప్పుడు వచ్చేది, ఆ తరవాత తెర మధ్యలో ఒక వెలుగు పుట్టి నాలుగు మూలలకూ పాకేది. విత్తనాల గురించి, పశువుల జబ్బుల గురించి, చిన్న కుటుంబం గురించి చెప్పేవాళ్ళు. తోలుబొమ్మలాటలు, పాటలు కూడా వచ్చేవి. వాటిలో చాలా భాగం ఉపదేశమే. అవి ఎమర్జెన్సీ రోజులన్నదీ, ఇందిరాగాంధీ ఇరవై సూత్రాల పథకం మాట ప్రతి సాయంత్రం ఎందుకు వినిపించేదన్నదీ పెద్దయ్యాకే అర్థమైంది. అయినా మా నాయన వంటివారు ఆ ఉపదేశాన్ని శ్రద్ధగా విని, మధ్యలో పెట్టెకు జవాబు చెప్పేవారు. ‘‘నీళ్ళు లేవు కదనయ్యా, ఆ ఎరువేసి ఏం చెయ్యాలె?’’ అని ఎవరైనా అంటే, పెట్టెలోని అధికారి విననట్టే తన మాట తాను చెప్పుకుపోయేవాడు, వరండా అంతా నవ్వేది.

తెలుగు భాగం అయిపోయాక దేశమంతటికీ ఉమ్మడిగా వేసే భాగం హిందీలో వచ్చేది. అది మొదలవగానే ఆడవాళ్ళు పిల్లలను చంకనేసుకుని లేచేవారు. మగవాళ్ళు బీడీలు ముట్టించి మెట్ల మీదికి చేరేవారు. ఏం చెబుతున్నారో తెలియకపోయినా బొమ్మ కోసం మేం పిల్లలం మాత్రం కూర్చునేవాళ్ళం. ఆ ఉపగ్రహం ఒకే బొమ్మకు రెండు వేరు వేరు శబ్దాలను జతచేసి పంపగలదని చాలా ఏళ్ళ తరవాత ఒక సాంకేతిక పుస్తకంలో చదివినప్పుడు నాకు ముందు గుర్తుకొచ్చింది, హిందీ మొదలవగానే ఖాళీ అయ్యే ఆ వరండానే.

1976 జులై ఆఖరుకు ఒప్పుకున్న ఏడాది ముగిసింది, ఉపగ్రహాన్ని నాసా వెనక్కి తీసుకుంది. పెట్టె బడిలోనే ఉంది, తాళం చెవి సార్ దగ్గరే ఉంది, కరెంటు కూడా ఉంది. ఆకాశంలో ఉన్నది మాత్రం లేదు. కొన్నాళ్ళ పాటు పెద్దవాళ్ళు సాయంత్రం అటు వచ్చి ‘‘ఇయ్యాల వస్తదా సార్?’’ అని అడిగి వెళ్ళేవారు. ఆయన ప్రతిసారీ మొత్తం విషయం ఓపికగా మొదటినుంచి చెప్పేవారు. కొందరు అర్థం చేసుకున్నారు, మరి కొందరు మా సార్ కావాలనే పెట్టడం లేదని చివరిదాకా అనుమానిస్తూనే ఉండిపోయారు.

* * *

హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. ‘సైట్’ పల్లెలకు ఆగిపోయిన ప్రసారాలను భూమి మీద ట్రాన్స్‌మిటర్లతో కొనసాగించాలన్న పథకంలో భాగంగా పెట్టిన కేంద్రాల్లో అది ఒకటి. అంటే మా వరండాలో ఆగిన ఆట కొనసాగింపే రాజధానికి టీవీగా చేరిందన్నమాట. ఈ మాట చెబితే పుట్టు హైదరాబాదీలైన నా స్నేహితులకు కాస్త కోపం వస్తుంది.

నేను పై చదువు కోసం మేనమామ ఇంటికి చేరేనాటికి ఆ ఇంట్లో ఈసీఐఎల్ వాళ్ళ ఈసీ టీవీ ఒకటి ఉంది. చెక్క పెట్టె, పక్కలకు జరిపే తలుపులు, తలుపులకు చిన్న తాళం. తెర ముందు పైన నీలం, మధ్యలో లేత గులాబీ, కింద ఆకుపచ్చ రంగులున్న ప్లాస్టిక్ రేకు తగిలించారు. ఆ రేకు వల్ల తెల్లచొక్కా వేసుకున్న మనిషికి కూడా నీలం తల, పచ్చ నడుము వచ్చేవి, దాన్ని మా అత్తయ్య ‘కలర్’ అనేది. వాడకానికి ఏటా తపాలా కార్యాలయంలో రుసుము కట్టి లైసెన్సు పుస్తకంలో బిళ్ళలు అంటించుకోవాలి. ఆ పుస్తకాన్ని మామ రేషను కార్డుతో పాటు బీరువాలో దాచేవాడు.

ప్రసారం మొదలయ్యే ముందు తెర మీద గీతల బొమ్మ నిలిచి, ఒకే శ్రుతిలో ‘కూ...’ అని శబ్దం వచ్చేది. ఆ తరవాత రెండు వంపులు తిరుగుతూ వచ్చి, మధ్యలోని గుండ్రని చుక్క చుట్టూ కంటి ఆకారంలో కుదురుకునేవి. దానికి పండిట్ రవిశంకర్, ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ కలిసి కూర్చిన ఆ నాదం. పొయ్యి మీద ఏమున్నా అత్తయ్య ఆ నాదానికి వచ్చి కూర్చునేది, పాడిపంటలు కార్యక్రమం మొదలవగానే లేచి వెళ్ళేది. పొలం లేని మామ మాత్రం పాడిపంటలను ఆసాంతం చూసేవాడు. వరిలో దోమపోటుకు ఏ మందు కొట్టాలో మా వీధిలో ఆయన కంటే బాగా తెలిసినవాడు లేడు.

రాత్రి హిందీ వార్తలు ఆ ఇంట్లో ఇబ్బంది కాలేదు. మామ నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు, హిందీ వార్తలు వింటూ మధ్యమధ్య మాకు తెలుగులో సారాంశం చెప్పేవాడు. అయితే ఆ సారాంశంలో మామ అభిప్రాయాలు కూడా కలిసిపోయేవి. ప్రధానమంత్రి ఏమన్నారో, ఆయన ఏమనుకున్నాడో విడదీయడం మా వల్ల అయ్యేది కాదు.

రంగులు 1982లో వచ్చాయి. ఆగస్టు 15 నాటి స్వాతంత్ర్య దినోత్సవ ప్రసారంతో మొదలుపెట్టి, నవంబరులో ఢిల్లీ ఆసియా క్రీడలను రంగుల్లో చూపించారు. అందుకోసం పంపిన ఇన్సాట్-1ఏ ఉపగ్రహం ఆ ఏడు సెప్టెంబరులోనే చేతులెత్తేసినా, వేరే దారుల్లో ప్రసారం నడిపించారు. మా పెట్టె నలుపు తెలుపుదే కాబట్టి రంగుల్లో చూడాలంటే అబిడ్స్‌లో ఒక దుకాణం అద్దాల ముందు నిలబడాలి. నేను మొదట రంగుల్లో చూసింది హాకీ ఫైనలు. పచ్చటి మైదానం, దాని మీద మనవాళ్ళు పాకిస్తాను చేతిలో 7-1 తేడాతో ఓడిపోవడం. ఆ పచ్చదనం ఎంత బాగుందంటే, నాలుగో గోలు పడ్డాక కూడా జనం కదల్లేదు. మరుసటి ఏడు జూన్ 25న లార్డ్స్‌లో క్రికెట్ ప్రపంచ కప్పు ఫైనలులో మొహిందర్ అమర్‌నాథ్ వెస్టిండీస్ ఆఖరి వికెట్టు తీసినప్పుడు మాత్రం అందరం మామ ఇంట్లోనే, ఆ నీలం రేకు ముందే ఉన్నాం. అది వేరే ఆనందం, దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

* * *

హైదరాబాదు కేంద్రం మొదలైన ఆరేళ్ళ దాకా అందులో తెలుగు నాటకం ఉంది, తెలుగు పాట ఉంది, తెలుగు వ్యవసాయం ఉంది, తెలుగు వార్తలు మాత్రం లేవు. ఈ సంగతి ఇప్పటివారికి వింతగా తోస్తుంది. తెలుగు వార్త అంటే రేడియో, పొద్దుటి పత్రిక, అంతే. 1983 నవంబరు 14న మొదటిసారి దూరదర్శన్‌లో తెలుగు వార్తలు వచ్చాయి, చదివింది శాంతి స్వరూప్.

ఆ సాయంత్రం ప్రత్యేకంగా ఏ ఏర్పాటూ చేసుకోలేదు. రోజూ లాగే మామ పడక కుర్చీలో, నేను గుమ్మం దగ్గర. తెర మీద ఒక యువకుడు కనిపించి, నమస్కరించి, చదవడం మొదలుపెట్టాడు. మామ సారాంశం చెప్పడానికి అలవాటుగా నోరు తెరిచి, అవసరం లేదని గ్రహించి మూసుకోవడం నాకు స్పష్టంగా గుర్తుంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వార్తకూ అభిప్రాయానికీ మధ్య గోడ లేచింది. మామ తన మాట చెప్పాలంటే వార్తలు పూర్తయ్యేదాకా ఆగవలసి వచ్చేది, ఆగేవాడు కూడా.

శాంతి స్వరూప్ చూపు మా మీదనే ఉండేది. కాగితం మీదికి వంగడం అరుదు. అక్షరాలను కెమెరా ముందు నడిపించే టెలిప్రాంప్టరు అనే పరికరం ఒకటి ఉంటుందనీ, తొలి రోజుల్లో అది ఆయనకు లేదనీ, వార్తల ప్రతిని ముందుగా కంఠస్థం చేసి వచ్చేవారనీ తరవాత ఆయనే ముఖాముఖీల్లో చెప్పారు. పదేళ్ళ పాటు అలా చదివారట. స్టూడియో దీపాల వేడిలో, ఆఖరి నిమిషంలో మారిన పేర్లతో, అంకెలతో సహా అదంతా గుర్తుపెట్టుకుని, గొంతులో ఆ శ్రమ ఏమాత్రం వినిపించకుండా చెప్పడం మాటలు కాదు. విషాద వార్తకూ, వాన వార్తకూ ఆయన గొంతులో తేడా చాలా తక్కువ. ఆ నిబ్బరం కొందరికి చప్పగా తోచేది. నాకు మాత్రం అది వినేవాడికి ఇచ్చిన మర్యాద అనిపించేది. ఎక్కడ బాధపడాలో, ఎక్కడ ఉలిక్కిపడాలో మాకే వదిలేసేవారు.

* * *

ఐటీఐలో రేడియో, టీవీ పని నేర్చుకున్నాక నాకు కర్నూలు జిల్లాలో ఒక పట్టణంలోని టీవీ దుకాణంలో ఉద్యోగం దొరికింది. హైదరాబాదులో పెరిగిన టీవీ జ్ఞానమంతా అక్కడ దిగగానే కొరగానిదైపోయింది. హైదరాబాదు ట్రాన్స్‌మిటరు అక్కడికి అందదు. డబ్బున్న ఆసాములు రెండు మూడు ఇనుప గొట్టాలు ఒకదానిలో ఒకటి దూర్చి, నాలుగు వైపులా తీగలు లాగి కట్టి, పైన యాంటెన్నా, దానికి బూస్టరు పెట్టించుకునేవారు. అంత చేసినా తెలుగు బొమ్మ చుక్కల మధ్య నుంచి ఎప్పుడైనా తొంగిచూసేది, అది కూడా వాతావరణం దయతలచినప్పుడు.

పైకప్పు మీద ఒకరం, కిటికీ దగ్గర ఒకరు, గదిలో ఒకరు. ‘‘వచ్చెనా?’’ ‘‘రాల్యా.’’ ‘‘ఇప్పుడు?’’ ‘‘మనిషి కనపడ్తాండాడు, మాట ల్యా.’’ ‘‘ఇప్పుడు సామీ?’’ ‘‘మాటొచ్చె, మనిషి పాయె!’’ ఈ సంభాషణను నేను ఆ జిల్లాలో ఎన్ని మిద్దెల మీద నడిపానో చెప్పలేను. గాలి తిరిగితే గొట్టం తిరిగేది, మర్నాడు మళ్ళీ పిలుపు. బొమ్మ పైకి దొర్లిపోతుంటే పెట్టె వెనక ‘వెర్టికల్ హోల్డ్’ మీటను ఎలా తిప్పాలో ఇంట్లో ఒక కుర్రవాడికి నేర్పించి వచ్చేవాణ్ణి, లేకపోతే దానికోసం రాత్రి పూట కూడా మనిషిని పంపేవారు.

1983 ఆగస్టులో ఇన్సాట్-1బి వెళ్ళింది. ఆ మరుసటి ఏడు దేశమంతటా చిన్న ట్రాన్స్‌మిటర్లు వరసగా లేచాయి, సగటున రోజుకొకటి చొప్పున ప్రారంభించిన నెలలున్నాయి. మా పట్టణానికీ ఒకటి వచ్చింది. గొట్టాల అవసరం పోయింది, మిద్దె మీద ఆరడుగుల కర్రకు యాంటెన్నా కడితే అద్దంలాంటి బొమ్మ. దుకాణం ముందు జనం, మా యజమానికి ఊపిరాడని వ్యాపారం. అయితే ఆ చిన్న ట్రాన్స్‌మిటర్లు ఉపగ్రహం నుంచి ఢిల్లీ కార్యక్రమాలను అందుకుని తిరిగి వదిలేవి. హైదరాబాదు వాటిలో లేదు. చుక్కల్లేని బొమ్మ వచ్చింది గాని, ఆ బొమ్మ హిందీ, ఇంగ్లీషు తప్ప మరో మాట మాట్లాడదు. మామ ఇంట్లో తెలుగు వార్తలు మొదలైన ఏడాదికల్లా నేను మళ్ళీ హిందీ మొదలైన వరండాలో పడ్డాను. ఇక్కడ మాత్రం ఎవరూ లేచిపోలేదు, అంత ఖర్చు పెట్టి కొన్నాక లేవడానికి మనసొప్పదు.

1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగిన రోజు దుకాణం తలుపులు సగం వేసి, ఒక సెట్టును మాత్రం గుమ్మం వైపు తిప్పి పెట్టాం. ఆ తరవాతి రోజుల్లో తీన్‌మూర్తి భవన్‌లో ఉంచిన ఆమె దేహం, పక్కగా సాగిపోతున్న జనం, వెనక భజనలు గంటల తరబడి వచ్చాయి. నవంబరు 3న అంత్యక్రియలు చూపించారు. వ్యాఖ్యానమంతా హిందీలోనూ, ఇంగ్లీషులోనూ. రోడ్డు మీద నిలబడిన వందల మందిలో ఎక్కువ మందికి ఆ మాటలు తెలియవు. ఆ నాలుగు రోజులూ ఎవరూ తెలుగులో చెప్పమని అడగలేదు. టీవీ మా దగ్గర భాష లేకుండా పనిచేసిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

* * *

మిగిలిన రోజుల్లో అనువాదం కావలసి వచ్చేది. ఆ పనికి మా దుకాణం పక్కన బట్టలు కుట్టే సాయిబు గారు తనంత తానుగా కుదురుకున్నారు. పొద్దు గూకాక మిషను మీద గుడ్డ కప్పి, మెడలో టేపు అలాగే ఉంచుకుని వచ్చి, మా దుకాణం బెంచీ మీద తెరకు దగ్గరగా కూర్చునేవారు. 1984 జులైలో మొదలైన ‘హమ్ లోగ్’ ధారావాహికను ఆ వీధి మొత్తం ఆయన నోటితోనే విన్నది. తెరమీద ఇద్దరు గబగబా పోట్లాడుకుంటుంటే ఆయన కళ్ళు సగం మూసి విని, వాళ్ళు ఆగాక, ‘‘తాగి వచ్చినాడంట, ఆ యమ్మ తిడ్తాంది’’ అని ఒక్క ముక్కలో తేల్చేవారు. ప్రేమ మాటలు వస్తే అనువాదం ఉండేది కాదు. ‘‘ఊరికే మాట్లాడుకుంటాండారు’’ అనేవారు. ఆఖరున అశోక్ కుమార్ వచ్చి ప్రేక్షకులకు చెప్పే నాలుగు మాటలను మాత్రం పూర్తిగా, ఆయన చేతులు తిప్పినట్టే చేతులు తిప్పుతూ చెప్పేవారు.

1987 జనవరిలో రామాయణం మొదలయ్యాక ఆయన పెద్దరికానికి ఎసరు వచ్చింది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు ఊరంతా టీవీల ముందు ఉండేదన్న మాట అందరూ రాసినదే, నిజమే కూడా. మా దుకాణానికి శనివారం సాయంత్రం నుంచే బ్యాటరీల కోసం మనుషులు వచ్చేవారు. కరెంటు పోతే పన్నెండు వోల్టులతో నడిచే చిన్న నలుపు తెలుపు సెట్టుకు ట్రాక్టరు బ్యాటరీ తగిలించేవాళ్ళం, రెండు తీగలకూ మొసలి క్లిప్పులు, ఎర్రది ఇటు, నల్లది అటు. తిరగేసి పెట్టిన సెట్లు సోమవారం మా బల్ల మీద ఉండేవి. 1988 జులై దాకా 78 భాగాలు వచ్చాయి, అన్నాళ్ళూ సోమవారాల్లో మా పని అదే.

ఆ ఆదివారాల్లో బెంచీ మీద సాయిబు గారి పక్కన ఒక అవ్వ కూర్చునేది. ఆయన దశరథుడి మాటను తెలుగులో చెప్పబోతే అవ్వ, ‘‘నువ్వుండు సాయిబూ, ఆయప్ప ఏమన్నాడో నాకు తెల్దా?’’ అని ఆపేసి, తనకు వచ్చిన పద్యం ఒకటి అందుకునేది. ఆమె పద్యం పూర్తయ్యేసరికి తెరమీద ఇంకెవరో మాట్లాడుతుండేవారు. ఒక ఘట్టం తనకు తెలిసినట్టు జరగకపోతే ‘‘హిందీవోళ్ళు తప్పు చెప్తాండారు’’ అని తీర్పు ఇచ్చేది. సాయిబు గారు ఎదురు చెప్పేవారు కాదు గాని, అవ్వ తల తిప్పగానే నా వైపు వంగి హిందీలో అసలు ఏమన్నారో మెల్లగా చెప్పేవారు. ఆ మరుసటి అక్టోబరు నుంచి వచ్చిన మహాభారతంలో మళ్ళీ ఆయన పని పెరిగింది, ఎందుకంటే అక్కడ కాలమే మనిషిలా మాట్లాడుతుంది, అది అవ్వ పద్యాల్లో లేదు. ఆ గంభీరమైన హిందీకి ఆయన తన ఉర్దూ కూడా చాలక చాలాసార్లు తడుముకునేవారు.

మధ్యలో ప్రసారం తెగితే తెర మీద ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అన్న అర్థంలో హిందీ అట్ట ఒకటి నిలబడేది. దాన్ని చదవడం ఊళ్ళో అందరికీ వచ్చు, దానికి అనువాదం అడిగినవారు లేరు.

* * *

హైదరాబాదు కేంద్రం కార్యక్రమాలు ఉపగ్రహం ద్వారా జిల్లాలకు చేరడం మొదలైన రోజు ఏదో నాకు తేదీతో గుర్తులేదు. గుర్తున్నది, సాయంత్రం ఏడు గంటలకు దుకాణంలో వరుసగా పెట్టిన సెట్లన్నిటిలో ఒకేసారి శాంతి స్వరూప్ కనిపించడం. నాకు ఎప్పటినుంచో తెలిసిన మనిషి మా ఊరికి బదిలీ మీద వచ్చినట్టు అనిపించింది. అందరికీ చెప్పాను, ఈయనను నేను మొదటి రోజు నుంచి చూశానని. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. శుక్రవారం చిత్రలహరిలో తెలుగు సినిమా పాటలు వస్తాయన్న సంగతే వాళ్ళకు పెద్ద వార్త. ధర్మవరపు సుబ్రహ్మణ్యం ‘ఆనందో బ్రహ్మ’ వచ్చే సాయంత్రం రిపేరుకు వచ్చిన సెట్టు ఇవ్వడం ఆలస్యమైతే మా యజమాని మీద అరిచినవారున్నారు.

ఆ తరవాతిది చాలా వేగంగా జరిగింది. 1991లో గల్ఫ్ యుద్ధం, వీధికొక పెద్ద డిష్షు, స్తంభాల మీద నల్లటి కేబులు, 1992లో జీ టీవీ, 1995లో ఈటీవీ, జెమిని. యాంటెన్నాలు కట్టే పని పోయి, కేబులు అతుకులు వేసే పని వచ్చింది. అది నాకు నచ్చలేదు, మిద్దె ఎక్కి ఊరంతా చూస్తూ చేసే పనికీ, గోడ మూలన కూర్చుని మేకు కొట్టే పనికీ పోలికెక్కడ? కొంతకాలానికి నేను వేరే ఉద్యోగం వెతుక్కుని హైదరాబాదు చేరాను. తెలుగు చానెళ్ళు పెరిగేకొద్దీ వార్త చదివే వేగం కూడా పెరిగింది. ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ తెలుగే వస్తుంది, వాక్యం పూర్తయ్యేదాకా మాత్రం ఎవరూ ఆగరు.

ఒకసారి పాత స్నేహితులను చూడటానికి ఆ పట్టణానికి వెళ్ళినప్పుడు సాయిబు గారు ఇంకా కుడుతూనే ఉన్నారు. మిషను ఎదురుగా గోడకు సొంత కలరు టీవీ. తెలుగు చానెల్‌లో వాణిజ్య ప్రకటన ఒకటి వస్తోంది, బొంబాయిలో హిందీలో తీసి తెలుగు గొంతు అతికించినది. ఆ అమ్మాయి తెలుగులో సబ్బు గురించి ఏదో చెబుతోంది. ఆయన కత్తెర ఆపి, ఆమె పెదవుల వైపు కాసేపు చూసి, ‘‘ఆ పాప అన్నది అది కాదప్పా’’ అని, హిందీలో ఆమె అసలు ఏమన్నదో నాకు తెలుగులో చెప్పారు.